తనదైన కాలం, తనదైన చోటు

న్యూజీలాండ్‌లో పనిచేయడానికి వచ్చే ప్రతి వైద్యుడూ చదవవలసిన పుస్తకం ఒకటి చెప్పమంటే, నేను జానెట్ ఫ్రేమ్ ఆత్మకథను చెబుతాను. 1982–85 మధ్య మూడు సంపుటాలుగా వెలువడింది. 1990లో జేన్ కాంపియన్ దానిని 'యాన్ ఏంజెల్ ఎట్ మై టేబుల్' పేరుతో సినిమాగా తీసింది గనుక కథ చాలామందికి పరిచితమే. 1945లో డునీడిన్‌లో ఉపాధ్యాయినిగా పనిచేస్తున్న ఫ్రేమ్, ఇన్‌స్పెక్టరు తరగతికి వచ్చిన రోజున గదిలోంచి బయటికి నడిచి, మరి తిరిగి వెళ్ళలేదు. ఆ ఏడాదే ఆమెను సీక్లిఫ్ మానసిక వైద్యశాలకు పంపారు. స్కిజోఫ్రీనియా అన్నారు. తరువాతి ఎనిమిదేళ్ళలో ఎక్కువ కాలం ఆసుపత్రులలోనే గడిచింది. రెండు వందలకు పైగా విద్యుత్ చికిత్సలు. చివరికి మెదడుకు కోత పెట్టే ల్యూకాటమీకి ఆమెను సిద్ధం చేశారు. ఆ సమయానికి ఆమె తొలి కథల సంపుటి 'ది లగూన్'కు హ్యూబర్ట్ చర్చ్ పురస్కారం వచ్చింది. ఆ వార్త పత్రికలో చూసిన సూపరింటెండెంటు ఆపరేషన్ ఆపించాడు. కథలు ప్రాణం నిలబెడతాయని మనం అలంకారంగా అంటాం. ఇక్కడ అది అక్షరాలా జరిగింది.

కానీ నేను మళ్ళీ మళ్ళీ తెరిచే పుటలు అవి కావు. తరువాత లండన్‌లో మాడ్‌స్లీ ఆసుపత్రి వైద్యులు ఆమెకు స్కిజోఫ్రీనియా ఎన్నడూ లేదని తేల్చారు. ఆమె పొంగిపోవలసిన ఘడియ అది. ఆమె బెంబేలెత్తింది. అన్నేళ్ళూ ఆ పేరు చాటునే బతికింది. అది కాస్తా పోయాక, మరి నేనెందుకిలా ఉన్నానన్న ప్రశ్న దిక్కులేనిదై మిగిలింది. తప్పుడు పేరయినా సరే, మనిషికి కొంత నీడనిస్తుందన్న సంగతి ఏ వైద్యగ్రంథమూ నాకు ఇంత బాగా చెప్పలేదు.

2007లో, ఫ్రేమ్ మరణించిన మూడేళ్ళకు, న్యూజీలాండ్ మెడికల్ జర్నల్‌లో సేరా ఏబ్రహామ్సన్ అనే వైద్యురాలు ఆమెకు ఆటిజం ఉండి ఉండవచ్చునని ఒక వ్యాసం రాసింది. దుమారం రేగింది. ఫ్రేమ్ చెల్లెలి కూతురు, ఆమె సాహిత్య వ్యవహారాలు చూసే పమేలా గోర్డన్ ఆ ప్రతిపాదనను ఒప్పుకోలేదు. పుస్తకాల నాడి పట్టుకుని, పోయిన మనిషికి రోగనిర్ణయం చేయడం నాకూ నచ్చదు. అయితే ఆ రెండు ముద్రలకూ పుట్టిల్లు ఒకటే కావడం విచిత్రం. 'ఆటిజం' అన్న మాటను స్విస్ వైద్యుడు బ్లాయిలర్ 1911లో స్కిజోఫ్రీనియా లక్షణాలలో ఒకదానికి వాడాడు. 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ పదకొండు మంది పిల్లలను వర్ణించడానికి దానినే అరువు తెచ్చుకున్నాడు. ఫ్రేమ్ సీక్లిఫ్‌లో అడుగుపెట్టే నాటికి ఆ వ్యాసం వయసు రెండేళ్ళు.

కానర్ ఆ వ్యాసంలోనే ఈ పిల్లల తల్లిదండ్రులలో ఆప్యాయత గలవారు తక్కువని ఒక మాట రాసి వదిలాడు. ఆ మాట ఎన్ని కొంపలు ముంచిందో చెప్పలేం. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ 'ది ఎంప్టీ ఫోర్ట్రెస్' రాసి, తల్లి తిరస్కారమే బిడ్డను అలా చేసిందని సిద్ధాంతం కట్టాడు. అదే ఏడాది క్లారా క్లెయిబోర్న్ పార్క్ అనే తల్లి, తన కూతురి తొలి ఎనిమిదేళ్ళ గురించి 'ది సీజ్' రాసింది. ఇద్దరికీ కోటే ఉపమానం. ఆయన బయట నిలబడి లోపలంతా ఖాళీ అన్నాడు. ఆమె లోపల మనిషి ఉన్నదని నమ్మి ముట్టడి వేసింది. పదేళ్ళకు, 1977లో, ఫోల్‌స్టైన్, రటర్‌ల కవలపిల్లల అధ్యయనం జన్యువుల పాత్రను బయటపెట్టింది. బెటెల్‌హైమ్‌ను ఇవాళ చరిత్ర కోసం చదువుతాం. పార్క్‌ను మాత్రం ఆటిజం ఉన్న బిడ్డ పుట్టిన ఇంట ఎవరైనా చదవవచ్చు.

శాస్త్రం ఆ నిందను విడిచిపెట్టింది. మన ఇళ్ళు ఇంకా విడవలేదు. ఆక్లండ్‌లో నాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబం ఉంది. ఆనవాళ్ళు మార్చి రాస్తున్నాను. పిల్లవాడికి నాలుగేళ్ళు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు, వేలు పెట్టి దేనినీ చూపడు, బొమ్మకార్లను గోడ వెంట వరసగా పేర్చి, ఒక్కటి కదిలినా గుక్కపట్టి ఏడుస్తాడు. ఇండియా నుంచి ఫోన్‌లో మేనత్తలు, పిన్నులు ఇచ్చిన తీర్పులు తెలిసినవే: "మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే", "వాళ్ళ నాన్నకూ అయిదేళ్ళకు గానీ రాలేదు", ఆ తరువాత గొంతు తగ్గించి, "అది ఉద్యోగానికి పోయి పిల్లాడి చేతికి ఫోన్ ఇస్తే ఇంకేమవుతుంది?" తండ్రి ఉద్యోగం గురించి ఎవరూ అడగలేదు.

దానికి తోడు, పిల్లవాడు వెళ్ళే బడిలో ఎవరో సలహా ఇచ్చారు: రెండు భాషలతో తికమక పడుతున్నాడు, ఇంట్లో ఇంగ్లీషు మాత్రమే మాట్లాడండి. మంచి మనసుతో ఇచ్చిన సలహానే. ఆ తల్లిదండ్రులు మర్నాటి నుంచే తెలుగు మానేశారు. తమది కాని భాషలో బిడ్డను లాలించడానికి తల్లికి మాటలు చాలేవి కావు. తెనాలి నుంచి వచ్చిన నాయనమ్మకు ఇంగ్లీషు రాదు. ఆవిడ దాదాపు మూగదయింది. ఇంట్లో ఇప్పుడు మాట రాని వాళ్ళు ఇద్దరు.

2012లో హాంబ్లీ, ఫోంబోన్ అనే పరిశోధకులు ఆటిజం ఉన్న పిల్లలలో ఒక భాష వినేవారినీ రెండు భాషలు వినేవారినీ పోల్చి చూశారు. రెండో భాష వల్ల అదనపు ఆలస్యమేమీ కనిపించలేదు. తరువాతి అధ్యయనాలూ అదే దారిన నడిచాయి. ఈ సంగతి చెప్పినప్పుడు ఆ నాయనమ్మ, "అయితే నేను వాడితో మాట్లాడవచ్చా బాబూ?" అని అడిగింది. మనవడితో మాట్లాడడానికి అనుమతి అడగవలసి రావడం కన్నా పెద్ద పరాయితనం ఈ ప్రవాసంలో నేను చూడలేదు.

భాష సంగతి ఇలా ఉండగా, తండ్రి భయం వేరు. వారికి రెసిడెన్సీ ఇంకా రాలేదు. "పరీక్ష చేయిస్తే కాగితాల మీదికి ఎక్కుతుంది కదండీ?" అన్నాడు. ఎక్కుతుంది. వలస వచ్చేవారి ఆరోగ్య ప్రమాణాలలో, ఎక్కువ ఆసరా అవసరమయ్యే ఆటిజాన్ని ఈ దేశం లెక్కలోకి తీసుకుంటుంది. ఒక మనిషికి అయ్యే వైద్య ఖర్చు పరిమితి ఒకప్పుడు 41,000 డాలర్లు, 2022లో 81,000 చేశారు. బడిలో ప్రత్యేక సాయానికి అర్హుడైతే అదీ అడ్డే. ప్రభుత్వాలు ఖర్చు లెక్క చూసుకోవడం అర్థమవుతుంది. ఆ భయంతో పరీక్షకు రాకుండా ఇంట్లో దాగిపోయే ఏళ్ళు మాత్రం ఏ లెక్కలోనూ ఉండవు. అవి బిడ్డ ఎక్కువగా నేర్చుకోగలిగిన ఏళ్ళు. దాచమని ఏ వైద్యుడూ చెప్పకూడదు, నేనూ చెప్పలేదు. వకీలును కలిసి, పరీక్ష చేయించమన్నాను. చేయించారు.

ఈ దేశంలోనే ఇంకో పేరు కూడా ఉంది. మానసిక ఆరోగ్యం, వైకల్యం రంగాలకు మావోరీ పదకోశం కూర్చిన కెరి ఒపాయ్, ఆటిజానికి 'తకివాతంగ' అన్న మాట తయారుచేశాడు. 2017లో ఆ కోశం వెలువడింది. తనదైన కాలం, తనదైన చోటు అని దాని అర్థం. ఆటిజం ఉన్న తన మిత్రుడిని చూసి కట్టిన మాట అది. 2022లో వచ్చిన మూడవ జాతీయ మార్గదర్శక గ్రంథం ఆ మాటను తన పేరులో చేర్చుకుంది. మన దగ్గర మూగ, మొద్దు, మందబుద్ధి ఉన్నాయి. పాఠ్యగ్రంథాలలో 'స్వలీనత' ఉంది. పండితమైన మాటే కానీ, తనలో తాను మునిగినవాడని దాని భావం. నేను చూసిన పిల్లలు మునిగిపోయినవారు కారు. మిక్సీ మోత, ట్యూబ్‌లైటు రెపరెప, చొక్కా మెడ దగ్గరి లేబులు, అన్నీ మనకన్నా ఎక్కువగా వాళ్ళ మీద వచ్చి పడుతుంటాయి.

నాయనమ్మ తెలుగులోకి తిరిగి వచ్చి ఏడు చేపల కథ అందుకుంది. ప్రశ్న వెనక ప్రశ్న, ఒకే వరసలో నడిచే కథ. కార్లు పేర్చే పిల్లవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఆవిడ నిద్రమత్తులో ఆవును దాటేసి పాలేరు దగ్గరికి వెళితే, వాడు చేత్తో ఆవిడ నోరు మూసి మళ్ళీ గడ్డిమేటు దగ్గరికి లాక్కొస్తాడట. చీమ దగ్గర 'కుట్టనా' అన్న ఒక్క మాట వాడే అంటాడు. ఇంగ్లీషులో ఇంకా ఏమీ అనడం లేదు. రెసిడెన్సీ ఫైలు తేలలేదు. ఆవిడ వీసా మార్చితో అయిపోతుంది. ఈలోగా కొడుకు ఆ కథను ఒక్క మాటా తప్పకుండా ఫోన్‌లో రికార్డు చేస్తున్నాడు. ఆవు దగ్గర రెండుసార్లు ఆపి మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చిందని చెప్పాడు.