విస్తట్లో పెరుగు వద్దంటే

మలక్‌పేట దగ్గర నల్గొండ చౌరస్తాలో మళ్ళి, చంచల్‌గూడ మీదుగా సాగర్ రోడ్డు పట్టుకుంటే సైదాబాద్ వస్తుంది. అది దాటితే ఐ.ఎస్. సదన్, ఆపైన చంపాపేట, కర్మన్‌ఘాట్. మెట్రో రైలు ఎక్కినవారు ముసారాంబాగ్‌లో దిగి ఆటోలో వస్తారు. 2018 సెప్టెంబరులో ఆ రైలు అమీర్‌పేట నుంచి ఎల్.బి. నగర్ దాకా నడవడం మొదలయ్యాక, ఊరికి ఆ చివరనున్న చుట్టాలకు “మీ ఇల్లు మరీ దూరం” అనే వంక కాస్తా పోయింది. పెళ్ళికీ, పేరంటానికీ అందరూ వస్తున్నారు.

ఈ పేటలో ఏడాది పొడుగునా పిలుపులే. ఒక సందులో సత్యనారాయణ వ్రతం, పక్క సందులో ఇఫ్తార్, ఆషాఢంలో బోనాలు, ఆశ్వయుజంలో బతుకమ్మ, ముహూర్తాలు వస్తే చంపాపేట రోడ్డున ఫంక్షన్ హాళ్ళ ముందు బండ్లు పెట్టుకోవడానికి చోటుండదు. నల్గొండ నుంచి వచ్చి స్థిరపడినవారు, కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఉండిపోయినవారు, తరాలుగా ఇక్కడే ఉన్న ముస్లిం కుటుంబాలు ఒకే వీధిలో ఉంటారు. ఎవరింటికి వెళ్ళినా తినకుండా గడప దాటనివ్వరు.

మీరు మాంసం, గుడ్లే కాక పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేశారనుకోండి. ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ అనే ఆయనా, ఆయన మిత్రులూ 1944లో ఈ పద్ధతికి ‘వీగన్’ అని పేరు పెట్టారు. మీరు పశువుల మీద జాలితో మానేసి ఉండవచ్చు, పాలు అరగక మానేసి ఉండవచ్చు. కారణమేదైనా ఇంట్లో చిక్కు లేదు. మీ వంట మీ చేతిలో ఉంది. చిక్కంతా నలుగురిలోకి వెళ్ళినప్పుడే. మాంసం తిననంటే మన దేశంలో ఎవరూ ఆశ్చర్యపోరు. పెరుగు తిననంటే మాత్రం ఒంట్లో బాగాలేదేమోనని కంగారు పడతారు, లేదా తమ వంట నచ్చలేదని నొచ్చుకుంటారు.

దాంతో చాలామంది చేసే పని, వెళ్ళడం మానేయడం. మొదట ఇఫ్తార్‌కు వెళ్ళరు. తర్వాత వ్రతానికి వెళ్ళరు. ఆ తర్వాత మేనకోడలి పెళ్ళికి అక్షింతలు వేసి భోజనాల వేళకు మాయమైపోతారు. ఏడాది తిరిగేసరికి పిలిచేవాళ్ళే తగ్గిపోతారు. నా దృష్టిలో ఇది పాలు తాగడం, మానడం కన్నా పెద్ద ఆరోగ్య సమస్య. మనిషికి మాంసకృత్తులు ఎంత అవసరమో మనుషులూ అంతే అవసరం.

ఇంతకీ పాలు, పెరుగు మానడం మనకు కొత్తా? చాతుర్మాస్యం పాటించే మాధ్వుల ఇళ్ళను చూడండి. ఆ నాలుగు నెలల్లో మొదటి నెల కూరగాయలు, రెండో నెల పెరుగు, మూడో నెల పాలు, నాలుగో నెల పప్పుదినుసులు మానేస్తారు. జైనులు ఆయంబిల్ చేసే రోజుల్లో పాలు, పెరుగు, నెయ్యే కాదు, నూనె, బెల్లం కూడా ముట్టరు. వీరంతా పెళ్ళిళ్ళకు వెళుతూనే ఉన్నారు. ఎవరూ వారిని వింతగా చూడరు. ఎందుకంటే వారు వాదించరు. “నాకు నియమం ఉందండీ” అంటారు. ఆ మాట వింటే మన గృహిణి వెంటనే అర్థం చేసుకుంటుంది, మరో ప్రశ్న వేయదు. ‘వీగన్’ అన్నారో, అదేమిటో చెప్పమంటారు. మీరు చెప్పడం మొదలుపెడతారు. పాల డెయిరీలో దూడ సంగతి దాకా వెళ్ళేసరికి పక్కవాళ్ళ గొంతులో పాయసం దిగదు. అడిగిన మనిషికి మరో రోజు, మరో చోట తీరిగ్గా చెప్పండి. విస్తరి ముందు మాత్రం వద్దు.

బంతి భోజనంలో రెండు ఘట్టాలు మీరు ముందే తెలుసుకోవాలి. మొదటిది నెయ్యి. అన్నం, పప్పు పడీ పడకముందే నేతి గిన్నె వెనకాలే వస్తుంది. మీరు పక్కవారితో మాటల్లో ఉంటే అంతే సంగతులు. అది రాకముందే అన్నం మీద అరచెయ్యి అడ్డం పెట్టండి. మాట అక్కర్లేదు. చాలు, వద్దు అనడానికి అది తరతరాల సైగ. వడ్డించేవారు నొచ్చుకోకుండా ముందుకు వెళ్ళిపోతారు.

రెండోది పెరుగు. అసలు పరీక్ష ఇక్కడే. మన భోజనానికి పెరుగన్నం ముగింపు. అది తినకుండా లేస్తే తిండి సగంలో ఆపినట్టే లెక్క. “ఏంది బిడ్డా, పెరుగు ఏస్కోకుండనే లేస్తున్నవ్?” అని పెళ్ళికొడుకు పెద్దమ్మ అంటుంది. అదే బంతిలో ఇంకో వైపు నుంచి, “అదేమిటమ్మాయ్, చేసిన వాళ్ళు ఏమనుకుంటారు?” అని పెళ్ళికూతురు మేనత్త అందుకుంటుంది. ఇద్దరికీ ఉన్నది ప్రేమే. మీరు ఖాళీ విస్తరి ముందు చేతులు కట్టుకుని కూర్చుంటే ఆ ప్రేమ బలవంతంగా మారుతుంది. అందుకని పెరుగు వచ్చే వేళకు విస్తట్లో కాస్త అన్నం ఉంచుకోండి. చారు మళ్ళీ అడిగి పోయించుకోండి. “పెద్దమ్మా, నియమం ఉంది. నీ చారే మళ్ళీ పోయించు, అదే నాకు పెరుగన్నం” అనండి. రెండోసారి అడిగి తిన్నవారిని తక్కువ తిన్నారని ఎవరూ అనలేరు. పచ్చిపులుసు ఉంటే మరీ మంచిది. పొయ్యి ఎక్కని ఆ పులుసులో పాల వాసన కూడా ఉండదు.

మన వంటల్లో మీరు నిశ్చింతగా తినదగినవి మీరనుకున్నదాని కన్నా ఎక్కువే. జొన్నరొట్టెలో జొన్నపిండి, నీళ్ళు తప్ప ఏమీ లేవు. సర్వపిండి, సకినాలు, మినప గారెలు, పప్పుచారు, నూనె పోపు పెట్టిన పులిహోర, గోంగూర, నువ్వుల ఉండలు, ఉగాది పచ్చడి, చవితి ఉండ్రాళ్ళు ఉన్నాయి. సద్దుల బతుకమ్మ నాడు పెరుగు సద్ది పక్కనే నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, నిమ్మకాయ సద్ది, చింతపండు పులిహోర ఉంటాయి. జాగ్రత్త పడవలసినవి వేరే ఉన్నాయి. కూర్మాలో పెరుగు, కూరగాయల బిర్యానీలో పెరుగు, నాన్ రొట్టె పిండిలో పెరుగు లేక పాలు, ఉప్మాలో, పొంగలిలో నెయ్యి. బొబ్బట్లు కొందరు నూనెతో, కొందరు నేతితో కాలుస్తారు. ఈ వాకబు వడ్డనవేళ అందరిలో చేయకండి. కాస్త ముందు వెళ్ళి వంటవాళ్ళనే అడగండి. నాలుగు రోజుల ముందు ఫోను చేయదలిస్తే పెళ్ళికూతురి తల్లికి చేయకండి. ఆమెకు ఆ నాలుగు రోజుల్లో తన పేరే గుర్తుండదు. ఆమె ఆడపడుచుకో, తోడికోడలికో చెబితే పని జరుగుతుంది.

పొట్లాల మీద ఆకుపచ్చ చుక్కను చూసి మోసపోకండి. అది శాకాహారమని మాత్రమే చెబుతుంది, పాలు లేవని చెప్పదు. వీగన్ పదార్థాలకు వేరే గుర్తు, వేరే నిబంధనలు మన దేశంలో 2022లో వచ్చాయి.

పూజల దగ్గర సంగతి సున్నితమైనది. పంచామృతంలో పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార ఉంటాయి. అయిదింట్లో నాలుగు మీకు పనికిరావు. సత్యనారాయణ స్వామి ప్రసాదం రవ్వ, నెయ్యి, పాలతో చేస్తారు. పైగా ఆ వ్రతకథలోనే గొల్లలు పెట్టిన ప్రసాదాన్ని కాదన్న తుంగధ్వజ మహారాజు సర్వం పోగొట్టుకున్న ఘట్టం ఉంది. అది చెవుల్లో ఇంకా మోగుతుండగా మీరు ప్రసాదం వద్దంటే ఆ ఇల్లాలికి గుండె గుభేలుమంటుంది. ఆమె భయాన్ని చిన్నచూపు చూడకండి. రెండు చేతులా అందుకుని కళ్ళకు అద్దుకోండి. మీ పక్కనున్న పిల్లవాడికి పెట్టండి, లేదా ఇంటికి తీసుకెళ్ళి ఇంట్లోవారికి ఇవ్వండి. ఆ పళ్ళెంలోనే నైవేద్యమైన అరటిపండు, కొబ్బరి చిప్ప ఉంటాయి. అవీ ప్రసాదమే. అది అడిగి తీసుకుని అక్కడే అందరి ముందూ తినండి. మధుమేహం ఉన్నవారు ఎన్నాళ్ళ నుంచో చేస్తున్న పనే ఇది. గృహప్రవేశంలో పాలు పొంగేటప్పుడు పక్కన నిలబడి చూడడానికి మీ నియమం అడ్డు రాదు. ఆ పొంగు వారి కొత్త ఇంటి శుభం. మీ అభిప్రాయం చెప్పే ముహూర్తం అది కాదు.

సైదాబాద్‌లో ఉంటూ ముస్లిం స్నేహితులు లేనివారు అరుదు. వారి దావత్ అనగానే హలీం, బిర్యానీ అని బెదిరిపోతారు గాని, హైదరాబాదు వంటలో మీకు పనికొచ్చేవి కొన్ని గొప్పవే ఉన్నాయి. బగారా బైంగన్, మిర్చీ కా సాలన్ రెండింటికీ ప్రాణం పల్లీలు, నువ్వులు, కొబ్బరి, చింతపండు. కొందరు పెరుగు కలుపుతారు కనుక అడగాలి. ఖుబానీ కా మీఠా ఎండు ఆప్రికాట్లు, పంచదారతో చేస్తారు, మీద వేసే మీగడ వద్దంటే చాలు. డబుల్ కా మీఠా మాత్రం పాలు, నెయ్యి లేకుండా ఉండదు. ఇఫ్తార్‌లో మొదట ఇచ్చేది ఖర్జూరం. తర్వాత పళ్ళు, ఉడికించిన శనగలు వస్తాయి. వాటితోనే మీ కడుపు నిండుతుంది. ఇరానీ చాయ్ బదులు పాలు లేని సులేమానీ అడిగితే సంతోషంగా ఇస్తారు. వెళ్ళేటప్పుడు ఒట్టి చేతులతో వెళ్ళకుండా పళ్ళు పట్టుకెళ్ళండి. అన్నట్టు, ఒకప్పుడు ఈ వైపువారు పళ్ళ కోసం గడ్డిఅన్నారం మార్కెట్‌కే పరుగెత్తేవారు. ఇప్పుడది బాటసింగారానికి తరలిపోయింది. ఆ స్థలంలో పెద్దాసుపత్రికి 2022లో శంకుస్థాపన చేశారు. సరూర్‌నగర్ రైతుబజారుంది, మదన్నపేట మండీ ఉంది, మీకేం లోటు లేదు.

మీరు కూడా పిలవండి. తిరిగి పిలవనివాడి నియమం ఎవరికీ నచ్చదు. జొన్నరొట్టె, గుత్తివంకాయ, పచ్చిపులుసు, కొబ్బరిపాలు, బెల్లంతో సేమ్యా పాయసం పెట్టండి. ఇందులో పాలు లేవని ముందుగా చాటింపు వేయకండి. తిన్నవారు పాయసం ఎలా చేశారని అడుగుతారు, అప్పుడు చెప్పండి. వారికోసం గిన్నెడు పెరుగు పెట్టాలా వద్దా అన్నది మీ మనస్సాక్షికి సంబంధించింది. ఇంట్లో అత్తగారో, మామగారో పెరుగు తింటూ ఉంటే వారి గిన్నె జోలికి మాత్రం పోకండి.

ఇక విందుల గొడవ పక్కనపెట్టి మీ ఒంటి సంగతి చూద్దాం. నలుగురిలో ఇబ్బంది పడి ఒట్టి అన్నం, చారు, వేపుళ్ళతో సరిపెట్టుకునేవారు నీరసించిపోతారు. అప్పుడు చుట్టాలన్నదే నిజమవుతుంది. పప్పు, శనగలు, పల్లీలు, సోయా రోజూ ఉండాలి. కాల్షియం పెద్దవారికి రోజుకు 1,000 మిల్లీగ్రాములు కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారు 2020లో చెప్పారు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. నువ్వుల్లో ఇంకా ఎక్కువే గాని, అందులోని ఆక్సలేట్ కొంత ఒంటికి పట్టనివ్వదు. అందుచేత రాగులు, ఆకుకూరలు, నువ్వులు అన్నీ కలిపి వాడాలి.

బి12 విటమిన్ కథ వేరు. చెట్టూ చేమా నుంచి అది నమ్మకంగా దొరకదు. పిండి పులిసిన ఇడ్లీలో ఉంటుందనే మాటను నమ్ముకుని కూర్చోకండి. రోజుకు కావలసింది 2 మైక్రోగ్రాములకు కాస్త పైన, అంతే. కాని ఆ కాస్తా లేకపోతే అరికాళ్ళలో తిమ్మిర్లు, నాలుక మంట, మతిమరుపు, నడకలో తూలడం వస్తాయి. కాలేయంలో నిలవ ఉన్నది కొన్నేళ్ళు సరిపోవడంతో మొదట్లో ఏమీ తెలియదు. ఇంకో మాయ కూడా ఉంది. మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో 1945లో కృత్రిమంగా తయారైన ఫోలిక్ ఆమ్లం సంగతి మీకు తెలుసు. ఆ విటమిన్ ఆకుకూరల్లో సహజంగానే సమృద్ధిగా ఉంటుంది. కనుక ఆకుకూరలు బాగా తినేవారికి రక్తహీనత కనబడకపోవచ్చు, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూ ఉంటాయి. రక్తం బాగుందని నిశ్చింతగా ఉండకండి. ఏడాదికొకసారి బి12 పరీక్ష చేయించుకోండి. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ మింగేవారు, అరవై దాటినవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు పాలు మానేముందే డాక్టరుతో మాట్లాడాలి. పాలిచ్చే తల్లికి బి12 లేకపోతే బిడ్డకూ ఉండదు.

మాత్రలు ఖరీదైనవి కావు. లోటు ఎక్కువగా ఉంటే డాక్టరు సూదిమందు రాస్తారు. ఉదయం సూది వేయించుకున్నా సాయంత్రం పేరంటానికి వెళ్ళడానికి అడ్డేమీ లేదు.