పచ్చికకు పంపిన గుఱ్ఱములు

మా గోదావరిఖనిలో రిటైరు అను మాటకు అర్థము చెప్పనక్కఱలేదు. బడికి పోని పిల్లయు నెఱుగును. సింగరేణి కార్మికుల విరమణ వయస్సును 2021లో 60 ఏండ్లనుండి 61కి పెంచినప్పుడు, ఆ యొక్క సంవత్సరము ఎన్ని ఇండ్లలో ఆడపిల్ల పెండ్లికి, మగపిల్లవాని చదువునకు ఆదుకొన్నదో మా వాడవారికి తెలియును. విరమించినవాడు కంపెనీ క్వార్టరు ఖాళీ చేయవలెను. కావున ఆ మాట వినినంతనే మాకు మొదట తోచునది విశ్రాంతి కాదు, సామాను సర్దుకొనుట. మా ఇంటివారు గని విడిచిన తరువాత చాలనాళ్లు, మొదటి షిఫ్టు సైరను విని మంచముపై లేచి కూర్చుండెడివారు.

ఈ మాట నా మనుమరాలి ఆటలోను వినబడునని నేననుకొనలేదు. ఆమెకు పదుమూడేండ్లు. సెల్ ఫోనులో గుఱ్ఱములను పెంచు ఆట యొకటి ఆడుచుండును. దేశదేశములవారు కలిసి యాడునది. ఆటలోని నాణెములతో అంగడిలో గుఱ్ఱమును కొనవచ్చును, మేపవచ్చును, పందెమునకు పంపవచ్చును, జతకూర్చి పిల్లలను పుట్టింపవచ్చును. ప్రతి గుఱ్ఱమునకు వంశవృక్షము కలదు. నిజమైన గుఱ్ఱమును ఈమె పెండ్లి బరాతులలో తప్ప చూడలేదు. అయినను ఆ గుఱ్ఱముల ముత్తాతల పేర్లు ఏకరువు పెట్టును. తన ముత్తాత పేరడిగినచో తడబడును.

నాకు వింతగ తోచినది వేఱు. ఎన్నో దినములు కూడబెట్టిన నాణెములు పోసి కొన్న గుఱ్ఱమును కొలదిదినములకే ఆమె రిటైరు చేయును. అనగా అది శాల విడిచి కనబడని పచ్చికకు పోవును. మరల పందెమునకు రాదు, పిల్లను కనదు, తిరిగి పిలుచుటకు వీలులేదు. ఆడువారిలో అనేకులకు ఇది వాడుకయేనట. కొనుట యెందుకు, పంపుట యెందుకని అడిగితిని.

"జాగ లేదు బాపమ్మా" అనెను. శాలలోని అరలు లెక్కకు మించి దొరకవు. క్వార్టర్సులో పెరిగిన పిల్లకు ఈ సంగతి ఎవరును బోధింపనక్కఱలేదు. మఱి కొన్నదానినే పంపనేల? ఏలయన, దానిని దానికొఱకు కొనలేదు. దాని రక్తములోని యొక గుణము, వేగమో రంగో, తన మందలోనికి దిగవలెనని కొన్నది. గుణము పిల్లకు వచ్చినతోడనే తల్లి పని తీరినది. పిల్లకు తన శాలపేరు ఇంటిపేరుగ తగిలించును. తల్లిది ఎవరో పెట్టిన పేరు. అమ్మరాదా యంటిని. "అమ్మితే ఎంతొస్తది? కొన్నోళ్లు దాన్ని ఏం చేస్తరో తెల్వదు" అనెను. తాను వెదకి తెచ్చిన వంశగుణము చవుకగ పరులపాలగునను అసూయయు కొంత కలదు. అది ఆమె నవ్వుచు ఒప్పుకొనెను.

ఇంకొక కారణము నన్ను నిలువదీసినది. ఎవరును కొనక, ఒక్కొక్క నాణెమునకు అంగడిలో పడియుండు గుఱ్ఱములను అప్పుడప్పుడు కొని, ఆ నిముసముననే పచ్చికకు పంపునట. "ఇట్ల పడి ఉంటె మంచిగనిపియ్యది." లేని గుఱ్ఱముపై జాలి! నేను నవ్వలేదు.

రక్తముకొఱకు గుఱ్ఱమును కొనుట ఆటవారు కల్పించినది కాదు. 1704లో థామస్ డార్లీ యను ఆంగ్లేయుడు సిరియాలోని అలెప్పోనుండి ఒక అరబ్బీ గుఱ్ఱమును స్వదేశమునకు పంపెను. నేటి థారోబ్రెడ్ పందెపు జాతిలో మగవరుస పట్టి చూచినచో అత్యధికభాగము దానికే చేరును. మన హైదరాబాదు మలకపేట మైదానమున పరుగెత్తునవియు ఆ జాతివే. 1791లో ఇంగ్లండున ఈ జాతి వంశావళి గ్రంథము అచ్చగుట మొదలయ్యెను. అందు మగగుఱ్ఱముల పేర్లు ఘనముగ నున్నవి. తొలితరముల ఆడగుఱ్ఱములలో అనేకములకు పేరే లేదు. ఫలానా గుఱ్ఱము కూతురు, ఫలానా దొరవారి గుఱ్ఱము, అంతే. మనలో కోడండ్రైనవారికి ఇది క్రొత్త సంగతి కాదు. నన్ను అత్తవారింట మొదట మా ఊరిపేరుతో పిలిచిరి. కొడుకు పుట్టిన పిమ్మట వాని తల్లినైతిని. నా పేరు రేషను కార్డులో భద్రముగ నుండెను.

బొగ్గునకును గుఱ్ఱమునకును పాత చుట్టరికము కలదు. బ్రిటనులోని గనులలో టబ్బులు లాగుటకు పొట్టి గుఱ్ఱములను దింపిరి. 1913 నాటికి అవి సుమారు 70,000. చివరిదానికి విరమణ దొరకినది 1999లో. వానిలో పచ్చిక ముఖము చూచినవి కొన్నియే. పని తప్పి కసాయి చేత పడినవియు కలవు.

నా పుట్టింట, మంథని దాపున, ఒక యెద్దు కాలు చెడి దుక్కికి పనికిరాకపోయెను. మా నాయన అంగడికి తోలుదమనెను, అమ్మ వలదనెను. నాలుగేండ్లు అది కొట్టములోనే యుండెను. దుక్కికి రాదు, బండికి రాదు, మేతవేళకు మాత్రము అఱచును. గడ్డి కరవైన వేసవిలో, పాలిచ్చు బఱ్ఱెకు వేయుదుమా దీనికి వేయుదుమా యని ఇంట తగవులు పడిరి. కుడితి, నీళ్లు, పేడ యెత్తుట అన్నియు అమ్మ చేతిమీదుగనే జరిగెను. నాయన పుణ్యాత్ముడని ఊరు పొగడెను.

ఆటలోని పచ్చికకు గడ్డి కొననక్కఱలేదు. ఒక్క మీట నొక్కిన చాలును. దయయు తీరును, చోటును దొరకును. ఈ మాట మనుమరాలితో అంటిని. ఆమె ఎద్దుకథ మఱల చెప్పించుకొని, దాని పేరేమని అడిగెను. రాముడంటిని.

ఆ వారము ఆమె కొన్న ఆడుగుఱ్ఱమొకటి, రెండు పిల్లలను కన్నది, పచ్చికకు పోక అరలోనే నిలిచెను. దినదినము దాని మేతకు నాణెములు పోవుచున్నవి. నష్టము గదా యంటిని. "ఐతే ఏంది?" అనెను. పందెపు గెలుపులలోనుండి తీయుచున్నదట. పరీక్షలు దగ్గఱపడినవి, పందెములు తగ్గినవి. ఎన్నాళ్లు తీయగలదో చూడవలెను.