తాతగారి కత్తి పుట్టిన ఊరు

మా ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున, పాత పంచెముక్కలో చుట్టి, ఒక మంగలి కత్తి ఉండేది. పండగకి ఇల్లు దులిపినప్పుడల్లా మా అమ్మ దాన్ని బయటికి తీసి, కొబ్బరినూనె రాసి, మళ్ళీ చుట్టిపెట్టేది. పిల్లలం చెయ్యి చాపితే చేతిమీద ఒకటి పడేది. అది మా తాతగారిది.

తాతగారు రంగూన్‌లో బియ్యం మిల్లులో గుమాస్తా. గోపాలపూర్ రేవులో ఓడెక్కి బర్మా వెళ్ళిన మన గంజాం వాళ్ళలో ఆయనొకరు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాక, వేలమందితో పాటు నడక సాగించి, అరకాన్ కొండలు దాటి, చిటగాంగ్ మీదుగా 1942 వేసవిలో బరంపురం చేరారట. వెంట మిగిలినవి రెండే వస్తువులు: ఒక ఇత్తడి చెంబు, ఈ కత్తి.

కత్తి తోక మీద ఇంగ్లీషు అక్షరాల్లో ‘సోలింగెన్’ అని ముద్ర ఉంది. అది కంపెనీ పేరనుకుంటూనే పెద్దవాణ్ణయిపోయాను. జర్మనీలో ఒక ఊరి పేరని అరవై దాటాక తెలిసింది. అదీ మా అబ్బాయి వల్ల. వాడికి డ్యూసెల్డార్ఫ్‌లో ఉద్యోగం. 2023 మే నెలలో నేనూ, మా ఆవిడా వాడి దగ్గరికి బయలుదేరుతుంటే, సోలింగెన్ అక్కడికి రైల్లో అరగంట ప్రయాణమేనని ఫోనులో చెప్పాడు. వెంటనే ట్రంకు పెట్టె తెరిచాను. కత్తిని చేతిసంచిలో పెట్టుకోబోతే మా ఆవిడ కళ్ళెర్రజేసింది. “మంగలి కత్తి పట్టుకుని విమానం ఎక్కుతారా? మిమ్మల్ని అక్కడే ఉంచేస్తారు” అంది. నిజమే. అలాంటివి పెద్ద సామానులోనే వెయ్యాలి. పచ్చడి సీసాల పక్కన చీరమడతల్లో కత్తి జర్మనీ చేరింది.

సోలింగెన్ వుప్పర్ అనే చిన్న నది ఒడ్డున, కొండల మధ్య ఉన్న ఊరు. స్టేషన్ బయట బస్సులకి నెత్తిన రెండేసి కొమ్ములుంటాయి. పైనున్న కరెంటు తీగల్ని పట్టుకుని పొగా చప్పుడూ లేకుండా నడుస్తాయి. ఊరి నడుమ బస్సు మారి గ్రేఫ్రాత్ అనే పేటకి వెళ్ళాం. నల్ల పలకరాయి తొడిగిన గోడలు, తెల్లని కిటికీలు, ఆకుపచ్చ తలుపురెక్కలు. ఇళ్ళన్నీ బడికి తయారైన పిల్లల్లా ఉన్నాయి. అక్కడ ఒకప్పటి మఠంలో 1991 నుంచి కత్తుల మ్యూజియం ఉంది. రాజుల ఖడ్గాల దగ్గర్నుంచి భోజనాల బల్ల మీది చెంచాల దాకా అన్నీ ఉన్నాయి.

ఆ ఊళ్ళో కత్తి చెయ్యడం ఒక్కడి పని కాదు. ఒకచోట సాగగొట్టేవారు, ఒకచోట కాల్చి గట్టిపరచేవారు, మరోచోట సానపట్టేవారు, ఇంకోచోట పిడి బిగించేవారు. ఈ ఇళ్ళ మధ్య కత్తులు మోసింది ఆడవాళ్ళు. బరువైన బుట్టలు నెత్తిన పెట్టుకుని కొండదారుల్లో నడిచేవారట. అది చదివి మా ఆవిడ, “ఇదేదో మన పట్టుచీరల బేరంలాగే ఉందే! రంగు ఒక ఇంట్లో, పడుగు ఒక ఇంట్లో, నేత ఇంకో ఇంట్లో” అంది. బరంపురం పిల్లకి ఇంకెవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

సానపట్టే పని నది ఒడ్డున జరిగేది. నీటిచక్రం తిరిగితే లోపల పెద్ద సానరాళ్ళు తిరిగేవి. అలాంటి పాత కుటీరం ఒకటి, విప్పర్‌కొట్టెన్, బయటినుంచి చూశాం. 2021 జూలై వరదల్లో అదీ దెబ్బతింది. చూడముచ్చటగా ఉంది గాని, రాతిపొడి పీల్చి ఊపిరితిత్తులు పాడై చిన్నవయసులోనే పోయిన సానకారులు ఎందరో. ఆ ఊరి పేరుకి అంత విలువ ఊరికే రాలేదు. 1938లోనే చట్టం చేశారు: అక్కడ తయారుకాని కత్తిమీద ‘సోలింగెన్’ అని వెయ్యకూడదు. 1944 నవంబరులో బాంబులు పడి ఊరి నడిబొడ్డు నేలమట్టమైంది. బాంబుల నుంచి తప్పించుకుని తాతగారితో నడిచొచ్చిన కత్తికి పుట్టిల్లు కూడా బాంబుల పాలే అయిందన్నమాట.

చివరికి ఒక చిన్న దుకాణంలో సానపట్టే పెద్దాయన దొరికాడు. డెబ్భై ఐదేళ్ళుంటాయి. కత్తిని వెలుతురుకి అడ్డంపెట్టి చాలాసేపు చూశాడు. యుద్ధానికి ముందుదేనన్నాడు. తరవాత ఏదో అడిగితే మా అబ్బాయి తెలుగులో చెప్పాడు: “ఇన్నేళ్ళు దీన్ని ఎవరు చూసుకున్నారని అడుగుతున్నాడు నాన్నా.”

మా అమ్మ అన్నాను. ఆయన తలాడించి, అంచుకి ఎగువన రెండు నల్లమచ్చలు చూపించాడు. ఇవి మాత్రం ఈమధ్యవి అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మ పోయి ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో ఆ పంచెముక్క విప్పినవాళ్ళు లేరు.

వారం తరవాత రమ్మన్నాడు. వెళ్ళేసరికి కత్తి సిద్ధంగా ఉంది. మచ్చలు అంచుదాకా రాలేదు కాబట్టి బతికిపోయిందన్నాడు. ఇంటికి తీసుకుపోయి మళ్ళీ పెట్టెలో పెడతావా అని అడిగాడు. లేదు, నేర్పితే వాడతానన్నాను. ఎలా అన్నానో తెలీదు.

అప్పుడు పాఠం చెప్పాడు. ఈ కత్తికి రెండు పక్కలా లోపలికి గుంటగా చెక్కి ఉంటుంది. అందుకే అంచు అంత పలచన, వెన్ను మందం. రాతిమీద పడుకోబెడితే వెన్నూ అంచూ రెండూ ఆనుతాయి, కోణం దానంతటదే కుదురుతుంది. సాన ఎప్పుడో నెలలకోసారి. తోలుపట్టీ మాత్రం గడ్డం గీసుకునే ముందు ప్రతిసారీ. పట్టీమీద వెన్ను ముందు నడవాలి, అంచు వెనక రావాలి. చివరికి వచ్చాక వెన్నుమీదే తిప్పాలి. ముప్ఫైసార్లు చాలు. మొహాన్ని వేడినీళ్ళతో బాగా నానబెట్టి, నురుగు పట్టించి, రెండో చేత్తో చర్మం బిగలాగి, వెన్నుని చర్మానికి సుమారు ముప్ఫై డిగ్రీలు ఎత్తి, వెంట్రుక పెరిగిన వైపుకే లాగాలి. పక్కకి మాత్రం జరపకూడదు. జరిపితే కూర తరిగినట్టే.

“నొక్కకు. నొక్కేది భయం. కత్తి బరువు చాలు” అన్నాడట. మా అబ్బాయి రెండుసార్లు చెప్పాడు.

మొదటి వారం చెంపలు మాత్రమే. మిగతా గడ్డం మామూలు రేజరుతోనే. మొదటిరోజు పట్టీ చివర కత్తిని తప్పుగా తిప్పి, కొత్త తోలుకి అంగుళం గాటు పెట్టాను. మూడోరోజు నా చెంపకి. పటిక రాసుకుంటే చుర్రుమంది. మా ఆవిడ దూదిముక్క పట్టుకుని స్నానాలగది గుమ్మంలో నిలబడేది. రెండో వారం దవడ కింద, నెల దాటాక పైపెదవి. గడ్డం కొన అన్నిటికన్నా కష్టం. ఎందుకంటే అక్కడ చర్మం ఒక్క వైపుకి బిగదు.

తిరిగొచ్చాక బరంపురంలో, పెరటి వరండాలో అద్దం తగిలించుకున్నాను. మా నాన్నగారికి అప్పటికి ఎనభై ఎనిమిది. చూపు దాదాపు పోయింది. ఆయన జీవితమంతా సెవెన్ ఓ క్లాక్ బ్లేడే వాడారు, ఈ కత్తి ఎన్నడూ పట్టలేదు. పక్కనే పడకకుర్చీలో ఉన్నారు. నేను పట్టీ కిటికీ చువ్వకి తగిలించి కత్తి ఆడించడం మొదలుపెట్టాను. టప్, టప్.

“ఏటిరా ఆ తొందర?” అన్నారు.

ఆగాను.

“మా నాయన ఇంకా నెమ్మదిగా తీసేవోడు. అటు వెళ్ళినప్పుడు ఒక చప్పుడు, ఇటు వచ్చినప్పుడు ఒక చప్పుడు. నీది రెండూ ఒకటే ఉంది. ఒకపక్క నొక్కుతున్నావు.”

చూస్తే నిజమే. వచ్చేటప్పుడు మణికట్టు బిగుస్తోంది. నెమ్మదించాను. ఆయన కాసేపు విని, “ఆఁ” అన్నారు.

ఏడేళ్ళ పిల్లాడిగా తెల్లవారగట్ల విన్న చప్పుడు ఆయన చెవిలో అలాగే ఉంది. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు, ఆయన చెప్పలేదు. అడగడానికి నేను సోలింగెన్ వెళ్ళి రావలసివచ్చింది.

ఇది చదివి ఎవరైనా పెట్టెలోంచి పాత కత్తి తీస్తే రెండు మాటలు. ఒకరి కత్తి ఇంకొకరు వాడకండి, రక్తం ద్వారా వచ్చే జబ్బులున్నాయి. అందుకే ఇప్పుడు సెలూన్లలో మనిషికో కొత్త బ్లేడుముక్క వేస్తారు. పాతది దొరికితే శుభ్రం చేయించి, తెలిసినవాళ్ళ చేత సాన పెట్టించాకే మొహాన పెట్టండి. వాడాక తుడిచి, ఆరనిచ్చి, నూనె చుక్క రాయండి.

మా ఇంట్లో ఇప్పుడు ఆ నూనె నేనే రాస్తున్నాను. అమ్మ వాడిన పంచెముక్క చిరిగింది. నాన్నగారి పాత పంచెలోంచి ఇంకోటి చింపాను.