పలకరాయి మీద పండే ద్రాక్ష

జర్మనీ అనగానే మనవాళ్ళకు కార్లు, యంత్రాలు, మహా అయితే బీరు గుర్తుకొస్తాయి. ఆ దేశంలో లక్ష హెక్టార్ల పైచిలుకు ద్రాక్షతోటలున్నాయంటే మా కాలనీలో ఎవరూ నమ్మలేదు. మా అమ్మాయీ అల్లుడూ కోబ్లెంజ్‌లో ఉంటారు. మోజెల్ నది వచ్చి రైన్‌లో కలిసేది అక్కడే. కిందటి సెప్టెంబరులో నేనూ మా ఆవిడా వెళ్ళి, ఆ మోజెల్ ఒడ్డునే మూడు రోజులు తిరిగాం. సంఘం పత్రికలో వైను కబుర్లేమిటని పెద్దలు ముఖం చిట్లించకండి. బ్యాంకులో ముప్పయ్యేళ్ళుగా నగలకూ పొలాలకూ విలువ కడుతున్నవాణ్ణి. అక్కడ నన్ను ఆకట్టుకున్నది ఆ సరుకుకు వాళ్ళు విలువ కట్టే తీరు.

మోజెల్ పాములా మెలికలు తిరుగుతుంది. ఎండ పడే దక్షిణపు ముఖం ఉన్న ప్రతి కొండవాలూ తోటే. బ్రెమ్ అనే ఊరి దగ్గర కాల్మోంట్ కొండ చూస్తే నిచ్చెనకు తీగలు పాకించినట్టుంటుంది. కొన్నిచోట్ల వాలు 60 డిగ్రీలు దాటుతుంది. ఇక నేల సంగతి. మట్టి కంటే రాతి ముక్కలే ఎక్కువ. ఒకటి చేతిలోకి తీసుకుంటే సాక్షాత్తూ చిన్నప్పుడు మనం ‘అ ఆ’లు దిద్దిన మార్కాపురం పలక! పగలంతా ఎండకు కాగి, రాత్రి ఆ వెచ్చదనాన్ని తీగకు అందిస్తుందట. అంత చలిదేశంలో ద్రాక్ష పండుతోందంటే ఈ రాయి, ఈ వాలు, కింద నది, మూడూ కలిసిరావాలి. ట్రాక్టరు ఎక్కదు. ఒంటిపట్టా మీద నడిచే చిన్న బండిలో మనుషులూ, గంపలూ పైకి పోతారు. చదును తోటతో పోలిస్తే కూలి ఎన్నో రెట్లు.

ఈ వాలుల రాణి రీస్లింగ్. తెల్ల ద్రాక్ష, ఆలస్యంగా పండుతుంది, దేశంలోని తోటల్లో దాదాపు నాలుగో వంతు దానిదే. నేను రెండు గుక్కలు రుచి చూశాను: పచ్చి ఆపిల్ పులుపు, వెనకాల తేనె వాసన. మా ఆవిడ పులియబెట్టని ద్రాక్షరసంతోనే సరిపెట్టుకుంది. చదును నేలల్లో ముల్లర్-తుర్గావ్ ఎక్కువ. 1882లో హెర్మాన్ ముల్లర్ అనే శాస్త్రజ్ఞుడు సంకరం చేసిన రకం, త్వరగా పండుతుంది, దిగుబడి దండి. ఎర్రవాటిలో ష్పేట్‌బుర్గుండర్ గొప్పది. ఫ్రాన్సువాళ్ళ పినో న్వార్ ఇదే. మొత్తం 13 ప్రాంతాలు. అన్నిటికంటే పెద్దది రైన్‌హెస్సెన్, వెచ్చనిది దక్షిణాన బాడెన్. తూర్పున ఉన్న రెండూ 1990లో దేశం ఏకమయ్యాక లెక్కలోకి వచ్చాయి.

ఇక గీటురాయి సంగతి. ఫెర్డినాండ్ ఎక్స్‌లె అనే ఆయన 19వ శతాబ్దంలో రసం తూచే సాధనం చేశాడు. ఆయన కంసాలి పని కూడా ఎరిగినవాడని తెలిసి నాకు ముచ్చటేసింది. లీటరు ద్రాక్షరసం 1,070 గ్రాములు తూగితే 70 ఎక్స్‌లె. అంకె పెరిగేకొద్దీ చక్కెర ఎక్కువ. మామూలు ‘డాయిచర్ వైన్’, ఆపైన ‘లాండ్‌వైన్’, ‘క్వాలిటేట్స్‌వైన్’, అన్నిటి మీదా ‘ప్రెడికాట్స్‌వైన్’. ఈ పై తరగతిలో మళ్ళీ మెట్లు: కాబినెట్, ఆలస్యంగా కోసిన ష్పేట్‌లేజె, ఏరిన గుత్తుల ఔస్‌లేజె, గింజగింజా ఏరిన బేరెన్‌ఔస్‌లేజె, చివరకు కిస్‌మిస్‌లా ముడుచుకున్న గింజల ట్రోకెన్‌బేరెన్‌ఔస్‌లేజె. పేరు పలికేసరికే దాహం వేస్తుంది! మోజెల్ రీస్లింగ్‌కు మొదటి మెట్టు 70, ఆఖరిది 150. తీగ మీదే మైనస్ 7 డిగ్రీల్లో గడ్డకట్టిన ద్రాక్షను పిండితే ఐస్‌వైన్. 2019 పంటకు 13 ప్రాంతాల్లో ఒక్కచోటా అది కుదరలేదు, చలికాలం అంత వెచ్చగా గడిచింది.

ఒక మాట. ఈ తూకం కోతనాటి చక్కెరది, సీసాలోని తీపిది కాదు. ఆ చక్కెరంతా పులిసిపోతే ఔస్‌లేజె కూడా తీపి లేకుండా ఉండవచ్చు. చీటీ మీద ‘ట్రోకెన్’ అని ఉంటే తీపి లేనిదని అర్థం.

అసలు తంటా 1971 చట్టంతో వచ్చింది. దాదాపు 30,000 తోటల పేర్లను 2,600కు కుదించారు. విలువను చక్కెరతో కట్టారే తప్ప నేలతో కాదు. పైగా విడివిడి తోటలను కలిపి పెద్ద గంపపేర్లు పెట్టారు. పీస్‌పోర్ట్ ఊళ్ళో గోల్డ్‌ట్రొప్‌ఖెన్, అంటే బంగారు చుక్క అనే తోట ఉంది. నిటారు వాలు, పేరుమోసిన నేల. ‘పీస్‌పోర్టర్ మిఖెల్స్‌బెర్గ్’ అన్నది గంపపేరు. చుట్టుపక్కల ఊళ్ళ చదును నేలల ద్రాక్ష కూడా ఆ పేరుతో అమ్ముడవుతూ వచ్చింది. మా భాషలో చెప్పాలంటే, పక్కవాడి జామీను మీద ఊరంతా అప్పు తెచ్చుకోవడమే. 2021లో చట్టం సవరించారు. ప్రాంతం, ఊరు, తోట అనే క్రమంలో నేల పేరుకే ఇక పెద్దపీట. 2026 పంట నుంచి గంపపేరుకు ముందు ‘రెగియోన్’ అని రాయాలి, ఊరి పేరు తగిలించకూడదు.

పీస్‌పోర్ట్‌లో ఒక పెద్దావిడ తన తోట చూపించింది. పై అంచున తుప్పలు పెరిగాయి. కొడుకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగి. బ్యాంకులోనట! అంత ఎత్తు తాను ఎక్కలేక పై వరసలు వదిలేసిందట. ఆమె బంగారు చుక్క సీసా 12 యూరోలు. సూపర్‌మార్కెట్లో మిఖెల్స్‌బెర్గ్ 4. ఇంత చాకిరీకి ధర పెంచరేమని మా అమ్మాయి చేత అడిగించాను.

“ఎలా పెంచేది? ఇన్నాళ్ళూ కొనేవాళ్ళకు రెండూ పీస్‌పోర్టే కదా” అంది, సీసాకు కాగితం చుడుతూ.