పెన్సిళ్లకు గాజులు

జపానుదేశమున విద్యాసంవత్సరము ఏప్రిలు మాసముతో ఆరంభమగును. చెఱ్ఱీపూవులు విచ్చు ఆ దినములలో దేశమెల్ల ఉత్సవముగా కానవచ్చునను మాట సత్యమే గాని, ఒకటవ తరగతిలో అడుగిడబోవు బిడ్డ గల యింటివారికి పూవులవంక తల యెత్తి చూచుటకు తీఱిక యుండదు. ఏలయన, బడికి పోవు ప్రతి వస్తువు మీదను, అది యెంత సూక్ష్మమైనను, బిడ్డ పేరు వ్రాసి పంపవలయునని పాఠశాలవారి నియమము. ఇది పెన్సిళ్లతోను పుస్తకములతోను ముగియు పని కాదు. గణితము నేర్చుటకై ప్రతి బిడ్డకును ఒక పెట్టె యుండును. అందు బొమ్మ గడియారము, రంగురంగుల దిమ్మలు, లెక్కించుకొను పుల్లలు, కూడికల తీసివేతల చీటులు, గోరంతలేసి బిళ్లలు నుండును. ఆ బిళ్లలలో ఒక్కొక్కదాని మీదను పేరుండవలయును. నల్లగొండ జిల్లా నకిరేకల్లులో పుట్టి పెరిగి, ఉద్యోగవశమున టోక్యో నగరపు ఎడోగావా వార్డున, భారతీయులు హెచ్చుగా నివసించు నిషికసాయి పేటలో స్థిరపడిన మావంటివారికి, ఈ నామలేఖన క్రతువు తొలుత చాదస్తముగా తోచుట సహజము.

అయినను కొంత ఆలోచించినచో అందలి యుక్తి బోధపడును. ఇచ్చటి పెక్కు బడులలో చిన్నతరగతుల పిల్లల వస్తువులు సాదాగా నుండవలెనని కోరుదురు. బొమ్మల పెన్సిళ్లును, మీట నొక్కగానే అరలు లేచు పెట్టెలును పాఠమునుండి దృష్టిని మరల్చునని వారి అభిప్రాయము. అందఱికిని మెత్తని 2బి పెన్సిళ్లే, అందఱికిని రంగు లేని రబ్బరు ముక్కలే యైనప్పుడు, బల్ల క్రింద దొరలిపోయిన పెన్సిలు ఎవరిదని తేల్చుట యెట్లు? పేరున్నది గదా యందురేమో. అప్పుడప్పుడే హిరాగానా అక్షరములు కూడబలుకుకొను ఆఱేండ్ల పిల్ల, పేరు చదువుటకు మునుపే రంగును గుర్తించును. వాషీ టేపను రంగుల కాగితపు టేపు మా యింట ప్రవేశించినది ఈ ద్వారముననే. పెన్సిలు వెనుకకొనకు చుట్టిన సన్నని ఆకుపచ్చ పట్టీ, దానిపై నల్లసిరాతో పేరు: బడికి పోవు వస్తువులకు ఇంతకు మించిన శృంగారము మేము చేయలేదు; ఇంటనుండు వస్తువులకు మాత్రము ఆ యాంక్ష లేదు.

ఈ టేపు పుట్టుక వినదగినది. 1920 దశకమున అమెరికాలో కారు నొకదానికి రెండు రంగులు పూయుట వేడుకయ్యెను. ఒక రంగు మఱియొకదానిపై పడకుండ కాగితము లంటించి, పని ముగిసిన పిదప వానిని పీకబోవగా, పూసిన రంగు కూడ పెచ్చులుగా లేచివచ్చుచుండుటచే పనివారు విసిగి వేసారియుండిరి. మిన్నెసోటా రాష్ట్రమున సెయింట్ పాల్ నగరమందలి త్రీఎం సంస్థలో పనిచేయుచుండిన రిచర్డ్ డ్రూ యనునతడు, వారి యవస్థను కన్నులార చూచి, ఉండుమన్నంతసేపు ఉండి, లెమ్మన్నప్పుడు అడుగుదానిని నొప్పింపక లేచివచ్చు కాగితపు టేపును 1925లో సిద్ధము చేసెను. అదియే మాస్కింగ్ టేపు. జపానులో ఒకాయామా ప్రాంతపు కురాషికి పట్టణమున, ఈగలను పట్టు జిగురు కాగితములు చేయుటకై 1923లో వెలసిన కమోయి సంస్థ, కాలక్రమమున కర్మాగారములకు వలయు మాస్కింగ్ టేపులు చేయుటలో ఆఱితేఱెను. ఆ టేపుల యందము నందు మనసుపడిన ముగ్గురు స్త్రీలు 2006లో, వానినిగూర్చి తాము చేసిన చిన్నపుస్తకమును జతపఱచి, కార్ఖానా చూడ ననుమతింపుడని టోక్యోనుండి సంస్థవారిని కోరిరి. ఇంజనీర్ల వస్తువునందు ఇంత యందము దాగియున్నదని సంస్థవారు అప్పుడు గాని యెఱుగరు కాబోలు! ఆ పరిచయము ఫలించి, 2008లో 'ఎంటి' యను పేర రంగురంగుల టేపులు అంగళ్లకు వచ్చెను. వాషీ యను జపానీయుల సంప్రదాయపు కాగితమున కున్న గుణములే దీనికిని కలవు: పొడుగైన నారపోగుల వలన పలుచనైనను గట్టిదై, కత్తెర లేకయే చేతితో చినుగుచు, వ్రాతకు చోటిచ్చుచు, అడుగు రంగును మసకగా చూపుచునుండును.

రంగును అడ్డగించుటకై పుట్టిన వస్తువు తుదకు తానే రంగై నిలుచుట యొరులకు వింతయేమో గాని, నల్లగొండ జిల్లావారికి వింత గాదు. నాటి మా యుమ్మడి జిల్లాలోని పోచంపల్లి, పుట్టపాక నేతకాండ్రు చిటికి కట్టుటలో చేయునది యిదియే గదా. నూలుపోగులలో రంగు తాకరాని చోట్లను రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, అద్దకమున ముంచి, విప్పి, వేఱొకచోట కట్టి, మరల ముంచుదురు. కట్టు క్రింద దాగిన తావులే మగ్గము మీద పూవులై పక్షులై బయటపడును. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించిన నాడు, ఇచ్చటి నా సహోద్యోగులకు ఆ రుమాలు బొమ్మ చూపి, కట్టుటలోని మర్మమును గర్వముతో వివరించితిని.

ఇక మా యూరి ముచ్చటకు వత్తును. హైదరాబాదు విజయవాడల రహదారి మీద, నార్కట్‌పల్లికిని సూర్యాపేటకును నడుమనున్న నకిరేకల్లులో, 1980 దశకపు చివర, జూన్ మాసమున బడులు తెఱచిన వారమున ఇంటింట జరుగు పని పుస్తకములకు అట్టలు వేయుట. ఖాకీ కాగితము కొనగలవారు కొనెడివారు. తక్కినవారికి పాత దినపత్రికలు, గోడనుండి దిగిన క్యాలెండరు కాగితములు దిక్కు. వీనన్నిటిలోను శ్రేష్ఠమైనది 'సోవియట్ భూమి' పత్రిక పుట. నఱ్ఱా రాఘవరెడ్డిగారిని ఆఱుమార్లు శాసనసభకు పంపిన కమ్యూనిస్టు కంచుకోట గదా మాది. ఆ పత్రిక వచ్చు ఇల్లు వాడకొకటియైనను ఉండెడిది. మందమై నున్ననై నిగనిగలాడు ఆ కాగితము చెమటచేతికిని వానచినుకునకును తొందరగా లొంగెడిది కాదు. నా తెలుగు వాచకముపై వ్యోమగామి గగారిన్ చిఱునవ్వు, లెక్కల పుస్తకముపై మంచు కప్పిన భూర్జవనము, సాంఘికశాస్త్రముపై గోధుమపొలమున ట్రాక్టరు. నల్లగొండ యెండలో నడచిపోవు పిల్లలు ఆ రీతిగా రష్యా శీతకాలమును చంకన బెట్టుకొని పోయెడివారము. అంటించుటకు మైదాతో కాచిన లై; అది లేనినాడు తుమ్మబంక; అదియు లేనినాడు అన్నపు మెతుకు. పూర్వపు జపాను వడ్రంగులు సయితము అన్నమును నూఱి చేసిన జిగురుతో కొయ్యను అతికెడివారని ఇచ్చటికి వచ్చిన పిమ్మట తెలిసికొని, మా యమ్మ మెతుకుల నొక శాస్త్రము బలపఱచినట్లు సంతసించితిని.

మా నాయిన అట్ట వేయుచున్నంతసేపు మేము ప్రక్కన కూర్చుండి చూడవలసినదే. మూలలు మడచుటలో, వెన్ను దగ్గఱ కత్తిరించి లోనికి త్రోయుటలో వారి చేయి తడబడెడిది కాదు. అది వట్టి వేడుక కాదు. ఏడాది తిరిగిన పిమ్మట ఆ పుస్తకము తమ్మునికో చెల్లెలికో పోవలెను. ఇంట చిన్నవారు లేకున్న, వెనుక తరగతి పిల్లవానికి సగము ధరకు పోవలెను. చినిగిన పుస్తకమునకు సగము ధర రాదు. అట్ట మీది బొమ్మ మాకు శృంగారము, నాయినకు ఆర్థికశాస్త్రము. లేమి యను గురువు శ్రద్ధ యను పాఠమును మాచేత బెత్తము లేకయే వల్లె వేయించెను.

ఈ జపాను దేశమున ఆ గురువు లేడు. 1963 నాటి చట్టము ననుసరించి ప్రాథమిక, మాధ్యమిక తరగతుల పాఠ్యపుస్తకములు ఉచితముగా నిత్తురు. అవి బిడ్డ సొత్తు. మరల ఇయ్యవలసిన పని లేదు. పేటకొకటి చొప్పున వెలసిన నూఱుయెన్‌ల అంగళ్లలో, పన్నుతో గూడ నూటపది యెన్‌లకు, ఒక కట్ట పెన్సిళ్లు వచ్చును. పోయిన రబ్బరును వెదకుటకు పట్టు కాలముకంటె క్రొత్తది కొనుటకు పట్టు కాలము తక్కువ. ఇట్టిచోట "జాగ్రత్తగా ఉంచుకో" యను మాటకు అర్థ మేమి? లేమి నేర్పిన శ్రద్ధను కలిమిలో నేర్పువా రెవరు? బెదిరింపు నేర్పదు; ఉపదేశము అసలే నేర్పదు. తన చేతితో సింగారించిన వస్తువును బిడ్డ తేలికగా పాఱవేయదని మాత్రము నా యనుభవము చెప్పుచున్నది.

మా పద్ధతి నిక్కడ చెప్పుట అప్రస్తుతము కాదనుకొందును. విషయమున కొక రంగు: జపానుభాషకు ఎఱుపు, గణితమునకు నీలము, శనాదివారములలో నేర్చు తెలుగునకు పసుపు. నోటుపుస్తకపు వెన్ను పొడవున ఆ రంగు పట్టీ. అరలో నిలువుగా నుంచినచో చదువకయే చేయి దానిపైకి పోవును. ఇంటిలోని తెలుగు పుస్తకమున మరల చూడవలసిన పుట అంచున, టేపును సగము కాగితమునకు అంటించి, సగము తనపై తాను మడచినచో చిన్న చెవి యేర్పడును. వేలితో పట్టి లాగినంతనే పుట తెఱచుకొనును. పెన్సిలునకు చుట్టునప్పుడు కొన కొనపై కొంచెము ఎక్కవలెను, లేకున్న అంచు లేచి అఱచేతికి తగులును. నీటిసీసాకు ఇది పనికిరాదు. తడి తగిలిన జాఱిపోవును. స్కేలుమీది అంకెలను కప్పరాదు. అచ్చుపడిన అక్షరములపై ఎన్నడును అంటింపరాదు. కాలము గడచినకొలది కాగితముపై ఏ జిగురైనను మొండికెత్తును. రంగు నిర్ణయించునది, చించునది, అంటించునది మా పాపయే. పట్టీ వంకరగా పోయినను నేను సరిదిద్దను. పెద్దల చేతి చక్కదనము చొచ్చిన మఱుక్షణమే ఆ వస్తువు పెద్దలదైపోవును.

ఒక యపాయమును గూర్చి మాత్రము మెలకువతో నుండవలెను. అంగడిలో వరుసలు వరుసలుగా పేర్చిన చుట్టలను చూచినచో పిల్లలకంటె పెద్దలకే మనసు నిలువదు. ఉన్న వస్తువును కాపాడుటకని తెచ్చిన టేపు తానే గుట్టలుపడి, కాపాడవలసిన వస్తువుల జాబితాలో చేరుట చూచుచునే యున్నాము. కావున మా యింట ఒక చుట్ట అయిపోయిన గాని మఱియొకటి రాదు.

మొన్న వీడియో ఫోనులో మా యమ్మ మనుమరాలి బల్లను చూచినది. "గిదేంది బిడ్డా, పెన్సిళ్లకు గాజులు తొడిగిన్రు?" అని నవ్వినది. బడివారి పేర్ల నియమము, రంగుల యుక్తి, పాప పట్టుదల అన్నియు వివరించితిని. ఆమె కొంతసేపు ఆలకించి, "మంచిగుంది తియ్. మీ నాయిన అట్టలేసినట్టే. అట్ట ఏసినంక పుస్తకం మీద గింత పావురం పుడ్తది, ఇసిరెయ్య బుద్ధి గాదు. సగం ధర సంగతి మీ నాయిన మీకు జెప్పిండు గని, మీరు బొమ్మ జూసి దాసుకున్నరు" అన్నది.

ఆ మాటతో నా సిద్ధాంతము కొంత సడలినది. లేమియే మాకు శ్రద్ధ నేర్పెనని యింతకాలము నేను నమ్మితిని; సగము ధర నాయిన లెక్క యైయుండవచ్చును గాని, మా చేత ఆ పుస్తకమును భద్రపఱపించినది గగారిన్ నవ్వు. కాగా, లేమి పోయినను పోయినది పెద్ద యేమియు లేదు. ఆ పావురమును, అనగా మమకారమును, పుట్టించు బొమ్మ యొకటి బిడ్డ చేతి కందినచో చాలును.

వచ్చు ఏప్రిలులో మా చిన్నవాడు బడిలో చేరవలెను. గణితపు పెట్టెను అక్కనుండి తమ్మునికి దించుట ఇచ్చటి యిండ్లలోను వాడుకయే. బిళ్లలపై గట్టి లేబుళ్లు అంటించిన యిరుగుపొరుగువారు, పాతపేరు గీకివేయలేక గోళ్లు విఱుగగొట్టుకొనుచున్నారు. మా పెట్టెలోని దిమ్మలకును పుల్లలకును అంటినది రిచర్డ్ డ్రూ నాటి గుణమునే నిలుపుకొన్న టేపు గావున, అక్క పేరు అడుగుదానిని నొప్పింపకయే లేచివచ్చును. ఏ రంగు కావలెనో తమ్ముని నడిగితిమి, నారింజ యన్నాడు. ఆకుపచ్చ చుట్ట యింక అయిపోలేదని అక్క ఆక్షేపణ. ఆ తగవు తీర్చవలసియున్నది.