కొండలో కలిసిన ఇల్లు

లేహ్ పట్టణానికి చేరువలోని పల్లెలను దూరం నుండి చూచే ప్రయాణికునికి ఎక్కడ కొండ ముగిసిందో, ఎక్కడ ఊరు మొదలైందో వెంటనే తెలియదు. కొండ ఏ రంగుదో గోడలదీ ఆ రంగే. నల్లని చట్రాల కిటికీలు, సున్నం పూసిన గోడలు, కప్పులపై రెపరెపలాడే ప్రార్థనా పతాకాలు కంటబడినప్పుడే అక్కడ మనుషులు కాపురముంటున్నారన్న సంగతి స్ఫురిస్తుంది.

లేహ్ సముద్ర మట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. హిమాలయ శ్రేణులు ఋతుపవనాలకు అడ్డు నిలవడం చేత ఇక్కడ ఏడాది మొత్తంమీద పడే వాన, మంచు కలిపినా సుమారు 100 మిల్లీమీటర్లే. శీతకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీల దిగువకు పడిపోతుంది. అడవులు లేవు, వంటచెరకుకు కరువు. సమృద్ధిగా ఉన్నవి మూడే: రాయి, మట్టి, ఎండ. ఈ మూడింటితోనే లదాఖ్ ప్రజలు తమ గృహనిర్మాణ విద్యను రూపొందించుకున్నారు.

మంచు కరిగి కాలువలలో పారే నీరు అందే ప్రతి గజం నేలా బార్లీకి, బఠానీకి, జల్దారు చెట్లకు అవసరం. కనుక సంప్రదాయ గృహాలు ఎక్కువగా పొలాల అంచున, పంటకు పనికిరాని రాతినేలపై లేస్తాయి. క్రింది అంతస్తు రాతి కట్టడం; అందులో పశువులు, ధాన్యం. చలికాలంలో పశువుల ఒంటివేడి పై గదులకు కొంత ఆసరా. పై అంతస్తు గోడలు ఎండబెట్టిన పచ్చి ఇటుకలవి. ఇటుకను కాల్చుదామంటే కట్టె ఎక్కడిది? మందమైన ఆ గోడలు పగటి ఎండను పీల్చుకొని, రాత్రివేళ మెల్లగా వేడిని విడుస్తాయి. పెద్ద కిటికీలు దక్షిణ దిశకు తెరచుకుంటాయి. ఉత్తరపు గోడ దాదాపు మూసినట్లే ఉంటుంది. ఇంటికి గుండెకాయ వంటిల్లు. పిడకల పొయ్యి చుట్టూ కుటుంబమంతా చలికాలం గడుపుతుంది.

పైకప్పుకు పోప్లార్ దూలాలు వేసి, వాటిపై విల్లో పుల్లలు, గడ్డి పరచి, మట్టి మెత్తుతారు. నీటిని త్వరగా లోనికి దిగనీయని మర్కలక్ అనే బంకమట్టిని పైపొరకు వాడతారు. రాయలసీమ మిద్దెలపై చవుడు పోసే పద్ధతి ఎరిగినవారికి ఇందులోని కిటుకు సులభంగానే బోధపడుతుంది. ఇక మరుగుదొడ్డికి చుక్క నీరు అక్కరలేదు. వాడిన తరువాత పారతో కాస్త మట్టి త్రోస్తే చాలు. క్రింది గదిలో చేరినదంతా ఎరువై పొలానికి తరలుతుంది.

ఈ కట్టడం పేదరికానికి గుర్తు కాదు. 17వ శతాబ్దంలో సెంగే నమ్‌గ్యాల్ పాలనలో లేచిన తొమ్మిది అంతస్తుల లేహ్ రాజప్రాసాదం కూడా రాయి, పచ్చి ఇటుక, కలపలతో నిర్మించినదే.

1974లో లదాఖ్ ద్వారాలు పర్యాటకులకు తెరచుకున్నవి. అతిథి గృహాలు పెరిగినవి. కనుమలు దాటి లారీలపై సిమెంటు వచ్చింది. పలుచని సిమెంటు గోడ వేడిని నిలుపుకోలేదు. గదిని వెచ్చబరచడానికి చమురు కావాలి. అదీ లారీలపైనే రావాలి. నీటి మరుగుదొడ్ల కోసం గొట్టపు బావులు త్రవ్వుతున్నారు. మంచు మీద ఆధారపడిన ఊరికి ఇది చిన్న భారం కాదు.

2010 ఆగస్టులో ఒక రాత్రి కురిసిన కుంభవృష్టి వలన వరద, బురద విరుచుకుపడి 200 మందికి పైగా మరణించారు. చోగ్లమ్‌సర్ ప్రాంతం తీవ్రంగా దెబ్బతిన్నది. వానను లెక్కలోనికి తీసుకోని మట్టి ఇంటిపై పలువురికి నమ్మకం సడలింది. అయితే వరద దారిలో నిలిచిన కాంక్రీటు కట్టడాలను కూడా ఆ ప్రవాహం వదలలేదు. ఇంటిని దేనితో కట్టారన్నదే కాక, ఎక్కడ కట్టారన్నదీ ముఖ్యమని ఆ రాత్రి తెలిపింది.

పాత విద్యను విడువకుండా సరిదిద్దుకొనే యత్నాలు కూడా సాగినవి. 1983లో ఏర్పడిన లదాఖ్ ఎకలాజికల్ డెవలప్‌మెంట్ గ్రూపు, దక్షిణపు గోడకు నలుపు పూసి ముందు అద్దం బిగించే పద్ధతిని ప్రచారం చేసింది. 1988లో స్థాపితమైన సెక్మాల్ సంస్థ, ఫే గ్రామం వద్ద సింధునది ఒడ్డున దిమ్మిస మట్టి గోడలతో విద్యాలయ భవనం నిర్మించింది. బయట నీరు గడ్డకట్టే దినాలలో సైతం ఎండ వేడిమితోనే లోపల పాఠాలు సాగేలా ఆ భవనాన్ని రూపొందించారు. మట్టి కట్టడాలకిచ్చే అంతర్జాతీయ టెర్రా పురస్కారం 2016లో దానికి లభించింది.

మట్టి ఇల్లు సేవ కోరుతుంది. కప్పు మెత్తాలి, గోడ పూయాలి. అందుకు ఇంట చేతులుండాలి. పట్నానికి ఉద్యోగాలకు వెళ్ళిన బిడ్డలు తిరిగి రాకపోతే ఆ పని ఎవరు చేస్తారన్నదే లదాఖ్ పల్లెల ముందున్న అసలు ప్రశ్న. పాత ఇల్లు కూలితే ఇటుకలను నానబెట్టి మళ్ళీ అచ్చు పోయవచ్చు. దూలాలు క్రొత్త ఇంటికెక్కుతాయి. మిగిలిన మట్టి కొండలో కలుస్తుంది. కూలిన సిమెంటు గోడను మాత్రం ఆ కొండ తనలో కలుపుకోదు.