కాక్సుబజారు

మన విశాఖతీరమును దాకు బంగాళాఖాతమే బంగ్లాదేశమునందలి కాక్సుబజారు ఇసుకతిన్నెలను గూడ దాకుచున్నది. నూఱు కిలోమీటర్లకు మించిన యా తీరమును జూచుటకు యాత్రికులు వత్తురు. కాని యా యూరిపేరు వినోదమువలన గలిగినది కాదు. 1785 ప్రాంతమున బర్మారాజు అరకానును జయింపగా, ప్రాణభీతిచే పాఱివచ్చినవారికి నెలవు కల్పించుటకై ఈస్టిండియా కంపెనీ హైరము కాక్సు అను నుద్యోగిని నియమించెను. పని ముగియకమునుపే 1799లో నతడు మరణించెను. అతని స్మారకముగా వెలసిన బజారే యీ యూరు.

ఆ పని నేటికిని ముగియలేదు. పట్టణమునకు దక్షిణమున కుటుపలాంగు కొండలపై రోహింగ్యాల గుడిసెలు కిక్కిఱిసియున్నవి. 2017 ఆగస్టు మొదలు కొలది నెలలలో ఏడు లక్షలకు పైగా జనులు మయన్మారు సైన్యపు హింసకు జడిసి యిట జేరిరి. వీరి నివాసము తాత్కాలికమని ప్రభుత్వము తలచుటచే వెదుళ్లు, టార్పాలిన్ పట్టలే యిండ్లు. వానకాలమున కొండచఱియలు విఱుగును. 2021 మార్చిలో అగ్ని వేలకొలది గుడిసెలను భస్మము చేసెను. శిబిరము వెలుపల పని చేసికొను హక్కు లేదు గనుక నెలనెల వచ్చు బత్తెమే వారికాధారము.

ఆ బత్తెపు లెక్క గృహిణులు వినదగినది. ప్రపంచ ఆహార కార్యక్రమము తలకు నెలకు 12 డాలర్ల యాహారము నిచ్చుచుండెను. విరాళములు చాలక 2023 మార్చిలో 10కిని, జూనులో 8కిని తగ్గించెను. అనగా దినమునకు 27 సెంట్లు! 2024లో క్రమముగా హెచ్చించిరి. 2025 మార్చిలో 6కు దిగునని ప్రకటించి, పిదప నిధులు దొరకుటచే 12గానే నిలిపిరి. బత్తెము తగ్గిన యింట మొదట పస్తుండునది తల్లియేయని మనకు వేఱుగ జెప్పనేల?

ఈ సహాయము పన్నువలె విధిగా వచ్చునది కాదు. దేశములు ఏటేట తమ యిచ్చ చొప్పున నిచ్చునది. ఇచ్చువారు కొలదిమంది. ఉక్రెయినున యుద్ధము, సూడానున కఱవు సంభవించినపుడు దాతల చూపు అటు మరలును. పెద్ద దాతయైన అమెరికా 2025లో చేయి ముడుచుకొనెను.

సహాయము వ్యర్థమనరాదు. వంటచెఱకునకై కొండలు బోడులు కాగా, 2018 నుండి ఇంటింటికి గ్యాసుపొయ్యి నిచ్చిరి. చెట్లు మరల చిగిర్చినవి.

1942లో జపానుసేనలకు వెఱచి రంగూను విడిచిన మనవారు కొందఱు అరకాను త్రోవనే చిట్టగాంగు చేరిరి. నాడు వారికి దారిలో గంజి పోసినవారెవరో మన మెఱుగము. ఆకలి దినదినము తప్పక వచ్చును. అన్నమును నట్లే నియమముగా వచ్చు నేర్పాటు లోకమునకు గావలయును.